టెక్ సందేహాలు: పన్నెండు వోల్టులా, పందొమ్మిదా?

ప్రశ్న: చిన్న క్యాబినెట్‌లో మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు మదర్‌బోర్డు) కంప్యూటర్ అసెంబుల్ చేసుకుంటున్నాను. మామూలు పవర్ సప్లై పట్టదు. మదర్‌బోర్డు 24 పిన్నుల సాకెట్‌లోనే గుచ్చే బుల్లి డీసీ బోర్డులు చూశాను. కొన్నిటి మీద 12 వోల్టులని, కొన్నిటి మీద 12-25 వోల్టులని ఉంది. నా దగ్గర పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ ఉంది, 19 వోల్టులది. ఏ బోర్డు కొనాలి?

జవాబు: ఆ అడాప్టర్ వాడాలంటే రెండో రకమే. పైకి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి గానీ, లోపల చేసే పని వేరు.

కంప్యూటర్‌కు ముఖ్యంగా కావలసినవి 12, 5, 3.3 వోల్టులు. 12 వోల్టుల బోర్డు వీటిలో 5, 3.3 మాత్రమే తయారుచేస్తుంది. 12ను ముట్టుకోదు. అడాప్టర్ నుంచి వచ్చినదాన్ని ఓ స్విచ్ దాటించి అలాగే మదర్‌బోర్డుకు అప్పజెబుతుంది. ఏటీఎక్స్ (కంప్యూటర్ పవర్ సప్లైల ప్రమాణం) లెక్కలో ఆ లైను 11.4 నుంచి 12.6 లోపే ఉండాలి. అలాంటి దానికి 19 తగిలిస్తే, మంచి బోర్డయితే ఆన్ కాకుండా మొరాయిస్తుంది. నాసిరకందయితే మదర్‌బోర్డుకే ఎసరు. పిన్ను సరిగ్గా పట్టింది కదా అని నమ్మకండి. 5.5 మి.మీ. గుండ్రటి పిన్ను 12 వోల్టుల అడాప్టర్లకూ వస్తుంది, 19 వోల్టుల వాటికీ వస్తుంది.

12-25 రకం 12ను కూడా తనే తయారుచేస్తుంది. అందువల్ల కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. మొత్తం వాట్లు ఘనంగా రాసి ఉన్నా, 12 వోల్టుల లైనుకు ఎన్ని ఆంప్స్ ఇస్తుందో విడిగా చూసుకోండి. ప్రాసెసర్ బతికేది దాని మీదే.

నా ఓటు 19కే. కారణం తీగ. 120 వాట్లు లాగాలంటే 12 వోల్టుల దగ్గర 10 ఆంప్స్ పారాలి, 19 దగ్గర 6.3 చాలు. తీగ, పిన్ను కలిపి 0.05 ఓమ్ అడ్డు ఉందనుకుందాం. 12 వోల్టుల అడాప్టరయితే దారిలోనే అర వోల్టు పోతుంది, 5 వాట్లు వేడిగా మారతాయి. 19 అయితే వేడి 2 వాట్లే. పైగా కొంచెం తగ్గినా ఆ బోర్డు పట్టించుకోదు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నా 12 వోల్టుల కంప్యూటర్ పనేమీ లేకుండా ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉండేది. వీడియో కన్వర్షన్ మొదలుపెట్టగానే రీస్టార్ట్. రెండు రోజులు ర్యామ్‌ను అనుమానించాను. చివరికి మల్టీమీటర్ పెడితే లోడ్‌లో 11.2 చూపించింది, పిన్ను ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ర్యామ్‌కు క్షమాపణ చెప్పి తీగ మార్చాను.

నలభై, యాభై వాట్లు దాటని చిన్న మెషీనయితే మంచి 12 వోల్టుల అడాప్టర్ హాయిగా సరిపోతుంది. ఇక మీ పాత అడాప్టర్ ఎన్ని వాట్లో రాయలేదు. 65 వాట్లని రాసి ఉన్న ఏఎండీ డెస్క్‌టాప్ ప్రాసెసర్ బూస్ట్‌లో (పని ఎక్కువైనప్పుడు వేగం పెంచుకునే స్థితిలో) 88 దాకా లాగగలదు. దానికి 90 వాట్ల అడాప్టర్ చాలదు, 120 చూసుకోండి. వోల్టులు బోర్డు అడిగినట్టే ఉండాలి, ఆంప్స్ ఎక్కువున్నా నష్టం లేదు. పిన్ను నడిమి భాగం ప్లస్సో మైనస్సో లేబుల్ మీది గుర్తు చూసి మరీ గుచ్చండి.

ప్రశ్న: కారు బ్యాటరీ 12 వోల్టులే కదా, 12 వోల్టుల బోర్డు నేరుగా కలపొచ్చా?

జవాబు: వద్దు. కారులో 12 అన్నది పేరుకే. ఇంజిన్ నడుస్తుంటే 14 దాటుతుంది, స్టార్టర్ తిప్పిన క్షణంలో 9 కిందికీ పడిపోవచ్చు. 6-30 వోల్టులు తీసుకునేలా, వాహనాల కోసమే చేసినవి దొరుకుతాయి. అవి కొనండి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టడం మరవొద్దు.

ప్రశ్న: నా పాత ఎస్‌ఎఫ్‌ఎక్స్ పవర్ సప్లై (చిన్న క్యాబినెట్ల సైజుది) వెనక 115/230 అని ఎర్ర స్విచ్ ఉంది. కొత్తదానికి లేదు. దీనికి వోల్టేజీ ఎలా సెట్ చేయాలి?

జవాబు: చాలావరకు అక్కర్లేదు. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరును సరిదిద్దే సర్క్యూట్) ఉన్నవి 100 ఇచ్చినా 240 ఇచ్చినా లోపల దాన్ని 380-400 వోల్టుల డీసీకి పెంచుకుని పని మొదలుపెడతాయి. పాతవాటిలో స్విచ్‌ను 115 వైపు జరిపితే లోపలి సర్క్యూట్ వోల్టేజీని రెట్టింపు చేస్తుంది. ఆ స్థితిలో 230 ప్లగ్గులో పెట్టారో, 325 రావలసిన చోట 650 వస్తుంది. ఢామ్మని చప్పుడు, కమురు వాసన, కెపాసిటర్లు ఉబ్బి పగలడం, అంతా రెప్పపాటులో. తిరగేసి, 230 మీద పెట్టి 115 ఇస్తే మాత్రం ఊరికే ఆన్ కాదు, అంతే. అయితే స్విచ్ లేనివన్నీ ఎక్కడైనా నడుస్తాయనుకోకండి. 200-240కి మాత్రమే చేసినవీ ఉన్నాయి. లేబుల్ మీద ‘ఇన్‌పుట్’ అన్న వరుసలో 100-240 అని ఉంటేనే మీ కొత్తది రెండిటికీ పనికొస్తుంది.