కొనకముందు బీరువా తియ్యండి: చేత్తో చేసే గిఫ్టులు, పాత బట్టల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు చాలావరకు ఒకే దారిలో ఉన్నాయి, తక్కువలో ఏదైనా చేసి ఇవ్వాలి, పాత బట్టలు పారెయ్యకుండా వాడుకోవాలి అని. అందరికీ కలిపి ముందే ఒకటి చెప్తా. వీడియో చూసిన ఊపులో గ్లూ గన్, కుందన్లు, లేసులు, ఫోమ్ షీట్లు అన్నీ ఆర్డర్ పెట్టేస్తే వంద రూపాయల గిఫ్టుకి తొమ్మిది వందలు అవుతుంది, మిగిలిన సామాను అటక మీద పడుంటుంది. ముందు ఇంట్లో ఏముందో చూస్కోండి, తర్వాతే షాపు.

అక్కా, వచ్చే నెల మా చెల్లి శ్రీమంతం. మా అమ్మ పెళ్ళినాటి పట్టుచీర మడతల దగ్గర చిరుగుతోంది. దాన్ని కట్ చేసి పుట్టబోయే బిడ్డకి ఒక చిన్న గౌను, ఒక దుప్పటి కుడదామనుకుంటున్నా. నాకు చేతికుట్టు మాత్రమే వచ్చు, మెషీన్ లేదు. ఎలా మొదలుపెట్టాలి? – ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

ముందు కత్తెర పక్కన పెట్టమ్మా. పెళ్ళినాటి చీర అంటున్నావు కాబట్టి జరీ చూడాలి. అసలు జరీలో పట్టుదారం చుట్టూ సన్న వెండి తీగ ఉండి దానిపైన బంగారు పూత ఉంటుంది, టెస్టెడ్ జరీ అయితే లోపల రాగి, ఇప్పుడు చవగ్గా వచ్చే చీరల్లో అయితే అసలు లోహమే ఉండదు, మెరిసే ప్లాస్టిక్ అంతే. అంచు చివర ఒక్క పోగు లాగి బ్లేడుతో మెల్లగా గీకు. తెల్లగా మెరిస్తే వెండి, ఎర్రగా కనబడితే రాగి, అగ్గిపుల్ల చూపించగానే ముడుచుకుని కరిగిపోతే ప్లాస్టిక్. వెండి అని తేలితే "పాత పట్టుచీరలు కొనబడును" అని బోర్డు పెట్టినవాళ్ళ దగ్గర రెండు మూడు చోట్ల రేటు అడిగి చూడు, అమ్మమని కాదు, దాని విలువ తెలిశాకే కోయమని.

ఇక చిరుగుల సంగతి. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంచితే పట్టు ఆ గీత వెంబడే చీలుతుంది, అక్కడ సూది పెడితే ఇంకా పిగులుతుంది. రెండు చేతులతో పట్టుకుని కొంచెం లాగి చూడు, చర్రున చిరిగితే ఆ ముక్క ఇక కుట్టుకి పనికిరాదు. సాధారణంగా పాడైపోయేది మడతలు పడే ఒళ్ళు, అంచు బానే ఉంటుంది. ఆ అంచు జాగ్రత్తగా విడదీసి మీ చెల్లికి ఒక ప్లెయిన్ కాటన్ చున్నీకి వేస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, చేతి హెమ్మింగ్ చాలు. పల్లూలో గట్టిగా ఉన్న చదరం ఏదైనా ఉంటే అట్ట మీద బిగించి ఫ్రేమ్ కట్టించి అమ్మకే ఇవ్వు.

బిడ్డకి మాత్రం పట్టు, జరీ వద్దు, లేత ఒంటికి గీరుకుంటుంది. మనవాళ్ళు పురిటి బిడ్డకి మొదట వేసేదే పెద్దవాళ్ళ పాత మెత్తటి బట్ట కదా, అందుకని అమ్మ పాత నేత చీర ఒకటి అడిగి బొంత కుట్టు. చీర ఉతికి గంజి అంతా పోయాక ఇస్త్రీ చేసి 30 అంగుళాలకి 40 అంగుళాల కొలతలో నాలుగు పొరలు కత్తిరించు. ఒకదాని మీద ఒకటి నేల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు డబ్బాలు బరువు పెట్టి ముందు పొడుగాటి టాకాలు వెయ్యి, మధ్యలో మొదలుపెట్టి అంచులకి రావాలి. అంచుల నుంచి మొదలెడితే గుడ్డ అంతా మధ్యలోకి జరిగి ఉబ్బుతుంది, తర్వాత ఎంత లాగినా సర్దుకోదు. అది అయ్యాక రెండు అంగుళాలకో వరస చొప్పున రన్నింగ్ కుట్టు, చివర అంచులు లోపలికి మడిచి కుట్టెయ్యి, టాకాలు తీసెయ్యి. పూసలు, గుండీలు, చమ్కీలు ఏవీ పెట్టకు, బిడ్డ నోట్లోకి పోతాయి. వచ్చే నెలే కాబట్టి టీవీ చూస్తూ రోజూ కాసేపు కుట్టినా అయిపోతుంది.

మాది గృహప్రవేశం ఉంది, 50 మందికి రిటర్న్ గిఫ్టు సంచులు నేనే కుడదామని. తాంబూలాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు బీరువా నిండా ఉన్నాయి, వాటితో అవుతాయా? ఎన్ని కావాలి? – విజయవాడ

భేషుగ్గా అవుతాయి. మనకొచ్చింది ఇంకొకళ్ళకి పెట్టి వాళ్ళు మరొకళ్ళకి పెట్టి ఊరంతా తిరిగే ఆ ముక్కలకి ఇంతకంటే మంచి గతి ఏముంది. జాకెట్టుకి పనికిరాని ఆ పల్చటివే దీనికి బాగుంటాయి.

ముక్క 80 సెంటీమీటర్ల పొడుగు, 90 వెడల్పు అనుకుందాం. 20కి 45 చొప్పున కోసి ఒక్కోటి సగానికి మడిస్తే ఒక ముక్కకి 8 సంచులు, అంటే 50 మందికి 7 ముక్కలు. కానీ ఇవి వక్క, పసుపు కుంకుమ, చిన్న గిన్నె పట్టే సైజు. కొబ్బరికాయ పెట్టాలంటే ఇందులో దూరదు, అప్పుడు 80ని మూడు భాగాలు చేసి ఒక్కోటి 26కి 90 తీసుకుని సగానికి మడవాలి, ముక్కకి మూడే వస్తాయి, 17 ముక్కలు కావాలి. ఏం పెట్టబోతున్నారో ముందే తేల్చుకోండి, లేకపోతే ఫంక్షన్ రోజు పొద్దున్నే కొబ్బరికాయ ఒక చేతిలో సంచి ఒక చేతిలో పట్టుకుని నిలబడతారు.

కుట్టేటప్పుడు పక్క కుట్టు పైదాకా వెయ్యకండి, పైన 4 సెంటీమీటర్లు రెండు పక్కలా వదిలేసి ఆ తర్వాత నోరు మడిచి కుట్టండి, అది తాడు దూర్చే దారి. తాడుకి షోకు దోరీలు కొనక్కర్లేదు, లంగా బొందు ఉండ చాలు, చిన్న సంచికి మీటరు లెక్క. అర మీటరు ముక్కలు రెండు, ఒకటి ఎడమ నుంచి ఒకటి కుడి నుంచి పిన్నీసుతో దూర్చి ముడేస్తే రెండు పక్కలా లాగితే మూసుకుంటుంది.

మా పాపకి ఏడేళ్ళు, తాతయ్య పుట్టినరోజుకి గిఫ్టు తనే చెయ్యాలని గొడవ. 100 రూపాయల్లో ఏదైనా చెప్పండి. – అనంతపురం

బెండకాయ అచ్చు. ముదురు బెండకాయని అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వులా వస్తుంది, దాన్ని ఫ్యాబ్రిక్ కలర్‌లో అద్ది తెల్ల కాటన్ చేతిరుమాళ్ళ అంచుల్లో వేయించండి. రుమాళ్ళు ఒకసారి ఉతికి ఆరేశాక వెయ్యాలి, కొత్త గుడ్డలో గంజి ఉంటే రంగు పట్టదు. కోసిన కాయని కాసేపు ఆరనిచ్చి జిగురు తుడిచెయ్యండి, లేకపోతే అచ్చు అలుక్కుపోతుంది. కాయకి రంగు పల్చగా అంటాలి, స్పాంజి ముక్క మీద పోసి దాంట్లోంచి అద్దుకుంటే ఎక్కువ అంటదు. ఒక రోజంతా ఆరాక తిరగేసి ఇస్త్రీ చేసి, ఇంకో రెండు మూడు రోజులు ఆగాకే ఉతకండి. వంకరగా పడ్డ పువ్వులు సరిచెయ్యకండి, తాతయ్యకి అవే నచ్చుతాయి.

అక్కా నేను బీటెక్ థర్డ్ ఇయర్. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ షర్టులు, జీన్స్ కొంటుంటా, ఇంట్లో అమ్మ ఎవరో వేసుకున్నవి అని లోపలికి రానివ్వట్లేదు. ఎలా క్లీన్ చెయ్యాలి, లూజుగా ఉన్నవి సెట్ చేసుకోవచ్చా, వెలిసిపోయిన బ్లాక్ షర్టుకి రంగు వెయ్యొచ్చా? – హైదరాబాద్

మీ అమ్మగారి మాటలో సగం న్యాయం ఉంది తమ్ముడూ, తెచ్చినవి తెచ్చినట్టు మంచం మీద పడేస్తే నేనూ రానివ్వను. కవర్ కవరే బాల్కనీలో పెట్టు, కాటన్ అయితే బాగా వేడి నీళ్ళలో సర్ఫ్‌తో నానబెట్టి ఉతుకు, ఎండలో ఆరేసి కుట్ల మీద గట్టిగా ఇస్త్రీ తిప్పు. వాసన ఇంకా ఉంటే బకెట్ నీళ్ళలో ఓ కప్పు తెల్ల వెనిగర్ పోసి అరగంట ముంచు, కానీ బ్లీచింగ్‌తో కలిపి వాడకు, విషవాయువు వస్తుంది. కలరా ఉండల వాసన మాత్రం గాలికి ఆరేస్తేనే పోతుంది, సెంటు కొడితే రెండూ కలిసి ఇంకా దరిద్రంగా ఉంటుంది.

కొనేటప్పుడే చూడాల్సినవి చంకలు, కాలర్, జిప్పు, జీన్స్ అయితే తొడల మధ్య. షర్టు భుజం కుట్టు నీ భుజం ఎముక మీదకి రావాలి. పక్కలు లూజుంటే ఏ టైలరైనా లోపలికి పట్టేస్తాడు, పొడుగుంటే మడుస్తాడు, భుజం దిగజారిందంటే చేతులు విప్పి మళ్ళీ ఎక్కించాలి, ఆ డబ్బుతో ఇంకో షర్టు వస్తుంది. టైటుది మాత్రం "తర్వాత లూజు చేయిద్దాం" అని కొనకు, రెడీమేడ్‌లో మార్జిన్ ఉండదు. కాలర్ మడత దగ్గర అరిగి దారాలు వచ్చి, మిగతాదంతా కొత్తగా ఉన్న షర్టు దొరికితే వదలకు. కాలర్ విప్పి తిరగేసి మళ్ళీ కుడితే అరిగింది కిందకి పోతుంది. కాలర్ తిప్పడం అంటారు, మీ నాన్నగారి తరానికి బాగా తెలుసు, వయసు మళ్ళిన టైలర్‌ని అడుగు, నవ్వి మరీ చేసిపెడతాడు.

రంగు విషయం. ముందు అది కాటనో కాదో చూడాలి. లోపలి కుట్టు దగ్గర ఒక దారం పీకి సింకు దగ్గర వెలిగించు, కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అయితే కాటన్, కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. పాలిస్టర్‌కి మామూలు రంగు పొడి పట్టదు. కాటన్ అయితే పాత గిన్నెలో, వంటకి వాడేది కాదు, రంగు, గుప్పెడు ఉప్పు వేసి షర్టు తడిపి వేడి నీళ్ళలో అరగంట కర్రతో తిప్పుతూ ఉంచు. ఒకటి గుర్తుపెట్టుకో, కుట్టిన దారం ఎక్కువగా పాలిస్టరే ఉంటుంది కాబట్టి దానికి రంగు పట్టదు, వెలిసిన నలుపుకి నలుపే వేస్తే తెలియదు గానీ తెల్ల షర్టుని నల్లగా మారుస్తే కుట్లన్నీ తెల్లగా మిగులుతాయి. అది స్టైల్ అని చెప్పుకోవచ్చనుకో.

చేత్తో చేసింది ఇస్తే పిసినారి అనుకుంటారేమో అని భయం. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి ఇద్దామా వద్దా? – కాకినాడ

పెళ్ళికి అయితే మీ ఇంటి పద్ధతి ప్రకారం పెట్టాల్సింది పెట్టెయ్యండి, చేతిది దానికి తోడుగా ఇవ్వండి. అక్కడ చదివింపులు రాసే పుస్తకం ఉంటుంది, దాంట్లో "ఎంబ్రాయిడరీ దిండు గలీబు" అని రాయించుకుని మాటలు పడటం ఎందుకు. మిగతా సందర్భాలకి మాత్రం నిస్సంకోచంగా ఇవ్వండి, అది తీసుకునే మనిషి వాడుకునే వస్తువైతే చాలు. గాజు సీసాకి జనపతాడు చుట్టి దాని మీద పూలు అంటించినవి దయచేసి ఎవరికీ ఇవ్వకండి, అవి ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలీదు.

మేడమ్ గారూ, డాలస్‌లో అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉంటాను. పక్కనే గుడ్‌విల్ అని సెకండ్ హ్యాండ్ వస్తువులమ్మే స్టోర్ ఉంది, చవగ్గా బట్టలున్నాయి. తిరిగొచ్చేటప్పుడు మన ఊళ్ళో వాళ్ళకి ఏమైనా కుట్టి తెద్దామని. ఏం కొంటే మంచిది?

బట్టల వరసకంటే ముందు దుప్పట్ల వరసకి వెళ్ళండి అమ్మా. క్వీన్ సైజు పైదుప్పటి దాదాపు 90 అంగుళాలకి 100 ఉంటుంది, అంత గుడ్డ మీటర్ల లెక్కన కొంటే చాలా అవుతుంది. లేబుల్ మీద ఎంత శాతం కాటనో రాసి ఉంటుంది, ఏ నారతో చేశారో రాయాలని అక్కడ చట్టమే ఉంది, 100 శాతం కాటన్ ఉన్నవి తీసుకుంటే ఏప్రన్లు, కూరగాయల సంచులు బాగా వస్తాయి. చాలా స్టోర్లలో ట్యాగ్ రంగుని బట్టి వారానికోసారి తగ్గింపు ఉంటుంది, ఈ వారం ఏ రంగో కౌంటర్‌లో అడగండి.

ఇంకోటి, 100 శాతం ఉన్ని స్వెటర్ చిల్లు పడిందైనా సరే తీసుకోండి, సూపర్‌వాష్ (ఉతికినా కుంచించుకుపోకుండా ముందే తయారుచేసిన ఉన్ని) అని ఉంటే మాత్రం వద్దు. మెషీన్‌లో వేడి నీళ్ళకి పెట్టి రెండుసార్లు తిప్పితే కుంచించుకుపోయి కంబళిలా గట్టిపడుతుంది, ఇక ఎలా కోసినా పోగులు ఊడవు. కళ్ళజోడు పౌచ్, టీ కప్పు కింద పెట్టే బిళ్ళలు చేతికుట్టుతోనే చేసెయ్యొచ్చు, సూట్‌కేస్‌లో బరువూ ఉండదు. అక్కడ కుట్టుమిషన్ కూడా చవగ్గా దొరుకుతుంది, ఉన్నన్నాళ్ళూ వాడుకుని అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రండి, అది 110 వోల్టుల కరెంటుది, ఇక్కడ మన ప్లగ్గులో పెడితే మోటారు మాడిపోతుంది.