కొరమీను కడుపులో ఎర్ర పురుగులు కనిపిస్తే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఆదివారం ఊరి చెరువులో గాలానికి రెండు కొరమీనులు పడ్డాయి. ఇంటికొచ్చి కోస్తే పొట్టలో ఎర్రటి పురుగులు చుట్టలు చుట్టుకొని ఉన్నాయి, కత్తి మొన తగిలితే కదిలాయి. రెండు చేపల్నీ పారేశారు. ఇప్పుడు ఆ చెరువు నీళ్లు చెడిపోయాయేమో, అక్కడ గాలం వేయడం మానేయాలేమో అని సందేహం.

చేపలు పారేయాల్సిన పని లేదు, చెరువును వదిలేయాల్సిన పని అసలే లేదు.

నేను ఇరవై ఏళ్లుగా గోదావరి కాలువల మీద, చుట్టుపక్కల చెరువుల్లో గాలం వేస్తున్నాను. డాక్టరును కాను. పట్టిన చేపను నేనే కోసుకునే అలవాటు వల్ల ఈ పురుగులతో పరిచయం కాస్త ఎక్కువ, అంతే. మొదటిసారి చూసినప్పుడు నేనూ మీలాగే హడలిపోయాను. వేసవిలో కాలువలు కట్టేశాక మడుగుల్లో మిగిలిన నీటిలో ఒక వాలుగ పడింది, రెండు కిలోలకు తక్కువ ఉండదు. పొట్ట చీల్చాను. తెల్లగా ఉండాల్సిన గాలితిత్తిలోంచి ఏదో ముదురు రంగు కనిపిస్తోంది. తిత్తిని చీరితే లోపల మూడు కండముద్దలు, బల్లపరుపుగా, జలగల్లా, ఒక్కొక్కటి బొటనవేలి మొదటి కణుపంత. నిదానంగా ముడుచుకుంటున్నాయి, సాగుతున్నాయి. చేపను అలాగే ఎత్తి కాలువలో విసిరేశాను. అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న మా అత్తగారు నవ్వి, "తిత్తి తీసి పారేస్తే పోయేదానికి చేపనంతా పారేశారా? వాలుగ అన్నాక అవి ఉంటాయి" అన్నారు. ఆమె చెప్పింది నిజమే. అది ఐసోపారార్కిస్ అనే పరాన్నజీవి, మన దేశంలో వాలుగ గాలితిత్తిలో తరచుగా కనిపించేదే. ఆ తిత్తిని ఎలాగూ మనం వండుకోం.

మీరు చూసినవి వేరే రకం. రక్తం రంగులో, దారంలా సన్నగా, కొన్ని అంగుళాల పొడవుండి, పొట్ట గోడకో కాలేయానికో ఆనుకొని చుట్టగా పడుకున్నాయంటే అవి చాలావరకు యూస్ట్రాంగిలైడిస్ అనే పురుగు పిల్లలు. వాటి అసలు ఇల్లు కొంగ కడుపు. కొంగ రెట్టతో గుడ్లు నీళ్లలో పడతాయి, బురదలోని సన్నటి పురుగులు వాటిని తింటాయి, ఆ పురుగుల్ని చిన్న చేపలు, చిన్న చేపల్ని కొరమీను. ఆ కొరమీనును ఎప్పుడో ఒకనాడు కొంగ తింటే చక్రం పూర్తవుతుంది. ఈసారి కొంగకంటే ముందు మీరు పట్టుకున్నారు. కొరమీను, మట్టగిడస, వాలుగ లాంటివి బతికినంత కాలం ఇతర చేపల్ని మింగుతూనే ఉంటాయి కాబట్టి వయసు పెరిగే కొద్దీ వాటిలో ఈ సరుకూ పోగుపడుతుంది.

అందుకని పురుగు కనబడితే నీళ్లు విషమైనట్టు కాదు, ఆ చెరువులో కొంగలూ చిన్న చేపలూ ఇంకా ఉన్నాయని అర్థం. ఒక్క మాట మాత్రం ఉంది. పట్టిన ప్రతి చేపలోనూ గుత్తులు గుత్తులుగా వస్తున్నాయంటే ఊరి మురుగు ఏమైనా చెరువులో కలుస్తోందేమో చూడండి. మురుగు ఎక్కువైన బురదలో ఆ సన్నటి పురుగులు బాగా పెరుగుతాయి, వాటితోపాటు ఇవీ.

కోసేటప్పుడు మా అత్తగారి పద్ధతే నాదీ: పేగులోది పేగుతో పోతుంది, కండలోది వెతుక్కోవాలి. చేప చచ్చాక కొన్ని రకాల పురుగులు పొట్టలోంచి కండలోకి పాకుతాయి, అందుకే ఇంటికి చేరేదాకా ఆగకుండా గట్టు మీదే పొట్ట తీసేస్తాను. ఇంట్లో ముక్క కోశాక ఫోను టార్చి వెలిగించి ముక్క వెనక పెట్టి చూస్తాను. తోక వైపు పలుచటి ముక్కల్లో చుట్టగా ఉన్న నీడ స్పష్టంగా తెలుస్తుంది, కత్తి మొనతో లాగేస్తే వచ్చేస్తుంది. కొరమీను, మట్టగిడసల కండలోనూ కాలేయంలోనూ ఒక్కోసారి గింజల్లాంటి తిత్తులు ఉంటాయి. నొక్కితే లోపల పురుగు కదులుతుంది. దాని చక్రంలో బురద పురుగుకు బదులు నత్త ఉంటుంది, చివర మళ్లీ కొంగే. ఒకటీ రెండూ ఉంటే ఆ మేరకు కోసి తీసేస్తాను. కండ నిండా ఉంటే మాత్రం నేనూ పారేస్తాను. ప్రమాదమని కాదు, తినబుద్ధి కాదు. గోతిలో పూడ్చేస్తాను, నీళ్లలో వేయను.

బొచ్చె, శీలావతి ఒంటి మీద పాకే చప్పటి పేనూ, రెక్క మొదట్లో దారంలా వేలాడుతూ చుట్టూ ఎర్రగా పుండు చేసే పురుగూ చూసే ఉంటారు. వాటితో తినేవాడికి ఏమీ కాదు, పొలుసుతోపాటు పోతాయి. వాటి బాధ చెరువులు పెంచే రైతులది.

ఇక భయపడాల్సినది కనబడని పురుగుకు. నాథోస్టోమా అని ఒకటుంది, దాని పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లే. కొరమీను జాతి కండలో ఉంటుంది, పచ్చిగానో సగం ఉడికో లోపలికి పోతే మనిషి చర్మం కింద తిరుగుతుంది, అరుదుగా కంటికీ మెదడుకూ చేరుతుంది. పెద్దయ్యేది మాత్రం పిల్లి, కుక్క కడుపులో. కత్తిపీట పక్కన కూర్చుని అరిచే పిల్లికి పచ్చి పేగులు విసరకండి అని నేను ఇంట్లో పోరు పెట్టేది ఇందుకే. ఉడికించి వేస్తే ఏ ఇబ్బందీ లేదు.

మన చింతపండు పులుసులో తుకతుక ఉడికిన ముక్కలో ఏదీ బతకదు. ముక్క మధ్యలో 63 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే చాలంటారు, పులుసు దానికంటే ఎంతో పైన మరుగుతుంది. అనుమానించాల్సింది వేపుడును. మూడు వేళ్ల మందాన ముక్క కోసి, పెద్ద మంట మీద పైన కరకరలాడించి దించేస్తే లోపల ముల్లు దగ్గర ఇంకా గులాబీ రంగు మెరుస్తూ ఉంటుంది. లంకల్లో కొబ్బరి మట్టలు తగలేసి కాల్చుకు తినే చేప కూడా అంతే. మా మిత్రబృందం అలా కాల్చినప్పుడు నేను వెన్నెముక దగ్గర విడదీసి చూసే తింటాను, వాళ్లు వెక్కిరిస్తారు. ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించి గంట ఉంచితే పురుగు చస్తుందన్న నమ్మకం వదిలేయండి, చావదు. ఫ్రిజ్ మీద ఆధారపడాలంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు ఉండాలి. ఇంట్లో ఐసు గడ్డలు చేసుకునే అరలో అంత చలి నిలవడం కష్టం.

మీరు చూసిన ఎర్ర పురుగు మనిషికి హాని చేయనే చేయదా అంటే, చేసిన సందర్భం ఉంది. 1982లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో ముగ్గురు జాలరులు ఎరగా తెచ్చుకున్న చిన్న చేపల్ని బతికుండగానే మింగారు. కడుపునొప్పితో ఆసుపత్రికి చేరితే, ఈ పురుగులే పేగుకు రంధ్రం చేశాయని తేలింది. మృగశిర కార్తెకు హైదరాబాదులో కొరమీను పిల్లను మందుతో మింగడం గురించి ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు, ఆ వాదనలోకి నేను దిగను. మన చెరువులో పట్టిన పిల్లను మాత్రం ఎవరూ సొంత వైద్యంగా మింగవద్దు.

వచ్చే ఆదివారం అదే గట్టుకు వెళ్లండి. పట్టగానే పొట్ట తీసి, ఇంట్లో టార్చి పెట్టి చూసి, పులుసు పెట్టించండి. పారేసిన రెండు కొరమీనులూ ఎంత తూగాయో మీరు రాయలేదు. కిలో దాటి ఉంటే, ఇదంతా ఇంట్లో చదివి వినిపించకపోవడమే మీకు క్షేమం.