స్పీడ్ ఉన్నా మీటింగ్ ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: మాది ఫైబర్ కనెక్షన్. డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్ట్‌లో అంతా సరిగ్గానే వస్తుంది. కానీ మా అబ్బాయి ఫోన్ నుంచి ఫొటోలు క్లౌడ్‌కి ఎక్కుతున్నంతసేపూ నా వీడియో మీటింగ్‌లో మాట ముక్కలవుతోంది. 200 ప్లాన్‌కి మారితే పోతుందా? – ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ముందు ఒక పరీక్ష చేయండి. కంప్యూటర్‌లో 8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్ (చిన్న సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం కొలిచే ఆదేశం) పెట్టి వదిలేయండి (విండోస్‌లో ఆగకుండా నడవాలంటే మైనస్ టి చేర్చాలి). నెట్ ఎవరూ వాడనప్పుడు 15 మిల్లీసెకన్లు చూపించి, ఫొటోలు ఎక్కడం మొదలవగానే 300, 400కి పాకితే జబ్బు బఫర్‌బ్లోట్, అంటే పంపాల్సిన డేటా క్యూలో అతిగా పేరుకుపోవడం. లెక్క చూడండి: బయటికి వెళ్లే దారిలోని పెట్టెలో 1 ఎంబీ బఫర్ (డేటా వరుసలో ఆగే జాగా) ఉందనుకుంటే అది 8 మెగాబిట్లు. 20 ఎంబీపీఎస్‌లో ఖాళీ కావడానికి 0.4 సెకను. మీ మాటను మోసే ప్యాకెట్ (డేటా ముక్క) ఆ క్యూ తోకన నిలబడుతుంది. కొత్త ప్లాన్‌లో అప్‌లోడ్ 20గానే ఉంటే డబ్బు దండగ. 40 అయితే ఆలస్యం సగమవుతుంది, పోదు.

మందు ఎస్‌క్యూఎం, అంటే రూటర్‌లో క్యూని అదుపులో పెట్టే స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లకు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) నడిచే రూటర్ కావాలి. కంపెనీ ఇచ్చిన పెట్టెలో సాధారణంగా అది ఎక్కదు కాబట్టి దాని వెనక మీ రూటర్ పెట్టి, ఆ పెట్టె వైఫై ఆపేయండి. ఒక్క ఫోన్ పాత వైఫైలో మిగిలినా దాని ట్రాఫిక్ లెక్కకు రాదు. లూసీలో (ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సెట్టింగ్స్ పేజీ) ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసి, ఇంటర్‌ఫేస్‌గా వాన్ (WAN, బయటి నెట్ వచ్చే పోర్టు) ఎంచుకుని, డౌన్‌లోడ్ 90000, అప్‌లోడ్ 18000 ఇవ్వండి. యూనిట్ కిలోబిట్లు, మెగాబిట్లు కాదు. క్యూ పద్ధతి కేక్, లింక్ లేయర్ ఈథర్‌నెట్, ఓవర్‌హెడ్ (ప్రతి ప్యాకెట్‌కి అదనంగా లెక్కించే బైట్లు) 44. ఆ 10 శాతం వదులుకోవడమే అసలు కిటుకు: క్యూ కంపెనీ పెట్టెలో కాకుండా మన రూటర్‌లో పేరుకోవాలి, అప్పుడే అది మన చెప్పుచేతల్లో ఉంటుంది. సాయంత్రం స్పీడ్ పడిపోయే కనెక్షన్ అయితే ఆ వేళ కొలిచి, దానిలో 90 శాతం పెట్టండి. ఫలితం కనిపించకపోతే ఫైర్‌వాల్ పేజీలో ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ప్యాకెట్లను ఎస్‌క్యూఎంకి దొరక్కుండా దాటించేయగలదు. పాత సింగిల్ కోర్ రూటర్లు 100 ఎంబీపీఎస్ దగ్గరే చేతులెత్తేస్తాయి.

ప్రశ్న: రద్దీ పెరిగితే టీసీపీయే (నెట్‌లో డేటా పంపే నియమావళి) వేగం తగ్గిస్తుంది కదా, ఇదంతా ఎందుకు? – ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: తగ్గిస్తుంది, కానీ ప్యాకెట్ పోయాకే. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, కూతవేటు దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం 32 కేబీపీఎస్ నుంచి 40 బీపీఎస్‌కి కూలింది. దాని తర్వాతే వాన్ జాకబ్సన్ 1988లో రద్దీ నియంత్రణ పద్ధతులు ప్రచురించారు. లైనక్స్‌లో డిఫాల్ట్‌గా ఉండే రద్దీ నియంత్రణ పద్ధతి క్యూబిక్ కూడా నష్టాన్నే చూసి తగ్గుతుంది. బఫర్ పెద్దదైతే నష్టం ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోగా క్యూ నిండిపోతుంది. అందుకే 2012లో క్యాథ్లీన్ నికోల్స్, జాకబ్సన్ కలిసి కోడెల్ అనే క్యూ పద్ధతి తెచ్చారు. క్యూలో నిరీక్షణ 100 మిల్లీసెకన్ల పాటు ఒక్కసారైనా 5 కంటే దిగకపోతే ప్యాకెట్లు వదిలేయడం మొదలుపెడుతుంది. క్యూ పొడవు కాదు, కాలం కొలవడం దీని తెలివి.

ప్రశ్న: రూంమేట్ టొరెంట్ పెడితే నాకు ఏమీ మిగలదు. సమానంగా పంచలేమా? – గచ్చిబౌలి

జవాబు: అతని టొరెంట్ 30 కనెక్షన్లు తెరిచి, మీది ఒక్కటే ఉంటే, కనెక్షన్‌కి ఒక వాటా చొప్పున 20 ఎంబీపీఎస్‌లో మీకు దక్కేది 0.65. మనిషికి కాదు, కనెక్షన్‌కి సమానం! కేక్‌కి పరికరం వారీగా పంచమని చెప్పాలి: ఎస్‌క్యూఎం అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో అప్‌లోడ్‌కి 'నాట్ డ్యూయల్-ఎస్ఆర్‌సీహోస్ట్' (nat dual-srchost), డౌన్‌లోడ్‌కి 'నాట్ డ్యూయల్-డీఎస్‌టీహోస్ట్ ఇన్‌గ్రెస్' (nat dual-dsthost ingress) అని ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో రాయండి. 'నాట్' (పరికరాలన్నిటి తరఫునా రూటర్ బయట ఒకే చిరునామా వాడే పద్ధతి) మరిస్తే కేక్‌కి గదిలోని పరికరాలన్నీ ఒకే చిరునామాగా కనిపిస్తాయి. ఇక చెరో 10 వస్తుంది. మీకు 2 చాలు అనుకుంటే మిగతా 18 అతను వాడుకోవచ్చు, వృథా పోదు. అతను ఫోన్, ల్యాప్‌టాప్ రెండింట్లోనూ టొరెంట్ పెడితే మాత్రం రెండు వాటాలు కొట్టేస్తాడు.