బిడ్డ మీకు బాకీ పడలేదమ్మా

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా పాపకు తొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే పిత్తనాళాల జబ్బు. పసితనంలో ఒక ఆపరేషన్ చేశారు గానీ లివర్ పాడవుతూనే వచ్చింది. రెండేళ్ళ కిందట చెన్నైలో నా లివర్‌లో కొంత తీసి దానికి పెట్టారు. అప్పులు చేశాం. పెద్దబ్బాయిని మా అత్తగారి దగ్గర వదిలి నెలల తరబడి అక్కడే ఉన్నాం. రిపోర్టులు బాగున్నాయంటున్నారు, పిల్ల మాత్రం మునుపటిలా లేదు. రక్తపరీక్ష అంటే ముందురోజే అన్నం మానేస్తుంది. రాత్రిళ్ళు లేచి "మళ్ళీ కోస్తారా?" అని అడుగుతుంది. బడిలో పిల్లలు బూరెబుగ్గలని ఏడిపిస్తారట. దస్తూరీ పాడైందని, అజాగ్రత్త పెరిగిందని టీచర్ ఫిర్యాదు. కిందటి వారం పాత స్కూలు బ్యాగు జిప్పులో గుప్పెడు మాత్రలు దొరికాయి. చెంప మీద కొట్టి, "కడుపు కోసి ఇచ్చానే, ఇదా నువ్వు చేసేది?" అన్నాను. అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. కొండ మీద గుండు మొక్కు తీరిస్తే భయాలు పోతాయని మా అత్తగారు అంటున్నారు. నాకు దిక్కు తోచడం లేదు.

జవాబు: అమ్మా, ఇది చదవగానే ముందు ఒక పని చేయండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి, పాప కొన్ని మాత్రలు వేసుకోలేదని ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారని దాచకండి. మాత్రలు తప్పితే శరీరం కొత్త లివర్ మీద దాడి మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టినా తొలిరోజుల్లో పైకి ఏమీ కనిపించకపోవచ్చు. కామెర్లు, జ్వరం లేకుండానే రక్తంలో ఎంజైములు పెరుగుతాయి. పిల్ల హుషారుగానే ఉంది కదా అని ఊరుకోవద్దు. తప్పిన మాత్రలకు బదులు మీ అంతట మీరు ఎక్కువ వేయడం కూడా వద్దు.

ఇక "కడుపు కోసి ఇచ్చానే" అన్న ఆ మాట సంగతి. అది మీ నోట భయంతో వచ్చిందని నాకు తెలుసు. మీరు పడ్డ కష్టం చిన్నది కాదు. కానీ ఆ మాట తొమ్మిదేళ్ళ పిల్ల చెవిన ఎలా పడిందో చూడండి. జబ్బు తను తెచ్చుకోలేదు, లివర్ తను అడగలేదు. అయినా అమ్మ కడుపు మీద మచ్చ తన వల్లే, నాన్న అప్పు తన వల్లే, అన్న అవ్వ దగ్గర ఉండిపోయింది తన వల్లే. ఇంత బాకీ నెత్తిన పెట్టుకున్న పిల్ల "నాకు భయమేస్తోంది", "విసుగ్గా ఉంది" అని ఎవరితో చెప్పుకుంటుంది? ఇంత చేసినా ఇదేం బుద్ధి అంటారని నోరు నొక్కుకుంటుంది. తన చేతిలో ఉన్నది ఆ మాత్ర ఒక్కటే. దాని మీదే తిరగబడింది.

ఆ మాత్రల్ని పాప పారేయలేదు చూడండి. బాత్రూములో వేసి చెంబుడు నీళ్ళు పోస్తే మీకు ఎప్పటికీ తెలిసేది కాదు. మింగలేకపోయింది, పారేయడానికీ భయపడింది, అందుకే దాచిపెట్టుకుంది. నాకైతే ఇందులో మొండితనం కన్నా దిగులే ఎక్కువ కనిపిస్తోంది.

ఈ రాత్రే పక్కన కూర్చుని చెప్పండి. "ఆ రోజు కొట్టడం నా తప్పు. నువ్వు నా మాట వినాలని నేను లివర్ ఇవ్వలేదు. నువ్వు నాకేమీ తిరిగి ఇవ్వక్కర్లేదు. నాది మళ్ళీ పెరిగిపోయింది, నీ దగ్గరున్నది నీతోపాటే పెరుగుతుంది." ఈ చివరి మాట నిజం, తప్పకుండా చెప్పండి. ఇచ్చిన వాళ్ళ లివర్ కొద్ది నెలల్లోనే మళ్ళీ దాదాపు పూర్వపు పరిమాణానికి పెరుగుతుంది. అది తెలియక, అమ్మకు ఎప్పటికీ వెలితి మిగిల్చానని లోలోపల కుమిలే పిల్లలుంటారు. చెప్పాక జవాబు కోసం ఒత్తిడి చేయకండి. అటు తిరిగి పడుకున్నా వింటూనే ఉంటుంది. మందుల వేళ మాత్రం పెద్దవాళ్ళ బాధ్యతే. ఎదురుగా కూర్చుని వేయించండి. బతిమాలడాలు, బెదిరింపులు వద్దు. ముందు ఏ మాత్ర, నీళ్ళు ఏ గ్లాసులో అన్నది పాపనే ఎంచుకోనివ్వండి.

దస్తూరీ గురించి మీరు రాసిన ముక్క దగ్గర నేను ఆగిపోయాను. కొత్త లివర్ మీద శరీరం దాడి చేయకుండా ఇచ్చే టాక్రోలిమస్ అనే మందు వాడే వాళ్ళలో కొందరికి చేతులు సన్నగా వణుకుతాయి. నిద్ర చెడుతుంది, తలనొప్పి వస్తుంది. పాపను చేతులు ముందుకు చాపమని వేళ్ళ చివర్లు చూడండి. వణుకు కనిపిస్తే డాక్టరుకు చెప్పండి, రక్తంలో మందు మోతాదు చూస్తారు. స్టెరాయిడ్ ఇంకా వాడుతుంటే బుగ్గలు ఉబ్బడం, చిరాకు దాని వల్ల కావచ్చు. చిన్నప్పటి నుంచి లివర్ జబ్బుతో ఉన్న కొందరు పిల్లలకు చదువు మీద ధ్యాస నిలవడం కూడా కష్టమే. డాక్టరు చేత నాలుగు ముక్కలు రాయించి టీచరుకు ఇవ్వండి. మందు వల్ల చేయి వణికితే పిల్లను అజాగ్రత్త అని తిట్టడం అన్యాయం. ఏడిపించే పిల్లల గురించి క్లాసులో మాట్లాడాలా వద్దా అన్నది మాత్రం పాపను అడిగాకే.

సూది విషయంలో అబద్ధం ఆడొద్దు. "ఊరికే చూసి పంపిస్తారు" అని తీసుకెళ్ళి పొడిపిస్తే తర్వాత మీరేం చెప్పినా నమ్మదు. ఉదయం మాత్రకు ముందే రక్తం ఎందుకు తీస్తారో చెప్పండి, మందు రక్తంలో ఎంత మిగిలిందో తెలియడానికని. తొమ్మిదేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. ముందుగా రాస్తే తిమ్మిరెక్కించే క్రీము ఉంటుంది, అడగండి. ఏ చెయ్యి చాపాలో తననే చెప్పనివ్వండి. ఇంట్లో సూది లేని సిరంజి, ఒక బొమ్మ ఇవ్వండి. బొమ్మను గట్టిగా పొడిచినా, కోప్పడినా ఆపకండి. తన మీద జరిగిందంతా పాప అక్కడ దించుకుంటోందన్నమాట.

"మళ్ళీ కోస్తారా?" అంటే ఒట్టు పెట్టకండి. "ఇప్పుడు అవసరం లేదు. ఎప్పుడైనా ఏదైనా చేయాల్సి వస్తే ముందు నీకే చెబుతాం, నేను పక్కనే ఉంటా" అనండి. మన దేశంలో చిన్నపిల్లలకు లివర్ మార్పిడి తొలిసారి విజయవంతమైంది 1998లో, ఢిల్లీలో. ఆ పసివాడికి తండ్రే లివర్ ఇచ్చాడు. వాడిది కాంచీపురం, మన పక్కనే. పెరిగి పెద్దయి డాక్టరయ్యాడు. ఇది పాపకు చెప్పండి. తనలాంటి వాళ్ళు పెద్దవాళ్ళవుతారని ఆమె వినాలి.

మొక్కు సంగతి. అత్తగారి భక్తిని కాదనకండి. కానీ క్యూలో, అంత జనంలో నిలబడటం పాపకు మంచిదా కాదా అన్నది డాక్టరు తేల్చాలి. మొహం మీద ఇప్పటికే మాటలు పడుతున్న పిల్లకు గుండు చేయించాలంటే తన ఇష్టం కూడా కావాలి. వద్దంటే మూడు కత్తెరలు ఇచ్చే ఆచారం ఉండనే ఉంది. "స్వామి దయ లేకపోతే పోయేదానివే" అన్న మాట మాత్రం పాప వినేలా ఎవరూ అనకుండా చూడండి.

రెండు మూడు వారాలు చూసినా నిద్ర, తిండి, భయం మారకపోతే ట్రాన్స్‌ప్లాంట్ టీములో సైకాలజిస్టు ఉన్నారేమో అడగండి. దగ్గర్లో రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. చచ్చిపోతాననో, బతకడం ఎందుకనో అన్నదంటే ఆ రోజే తీసుకెళ్ళండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. అది మీకు కూడా. ఇద్దరి ఆపరేషన్లూ ఒకే రోజు జరిగిన ఇంట్లో అందరూ పాప ఎలా ఉందని అడిగి ఉంటారు, మీరెలా ఉన్నారని అడిగినవాళ్ళు ఎంతమందో. ఇలాంటి ఆపరేషన్ల తర్వాత తల్లిదండ్రులు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం, చిన్న జ్వరానికే గుండె జారిపోవడం మామూలుగా చూస్తూనే ఉంటాం. మీకు అలా ఉంటే మీరూ చూపించుకోవాలి.

వచ్చే చెకప్‌కు చెన్నై వెళ్ళేటప్పుడు బడికి సెలవు పెట్టించి మీ అబ్బాయిని కూడా తీసుకెళ్ళండి. చెల్లెలిని ఎక్కడ పడుకోబెట్టారో, ఏం జరిగిందో వాడు ఇంతవరకూ చూసి ఉండడు. డాక్టరును ఏమైనా అడగాలంటే అడగనివ్వండి.