పారలల్ పార్కింగ్ దగ్గర ఆగిపోయిన మా అమ్మలుకి

అమ్మలూ,

నిన్న ఫోన్లో డ్రైవింగ్ టెస్టు గురించి "ఎనిమిది వేశానత్తా, ఎత్తు మీద ఆపి జారకుండా ఎక్కించాను, చివర్లో ఆ పార్కింగ్ దగ్గరే పోయింది" అని, మిగతా మాటలు మింగేసి పెట్టేశావు. అప్పుడే ఏదైనా చెబితే సరే సరే అంటావు తప్ప చెవికెక్కదు, అందుకే ఇలా రాస్తున్నాను. తీరిగ్గా చదువు, వీలైతే బండిలో కూర్చుని చదువు.

ముందు కాగితాల సంగతి. ఫెయిలైన రోజు నుంచి 7 రోజులు ఆగితే మళ్లీ టెస్టుకి వెళ్లొచ్చు, లైసెన్సుల పనికి ఉన్న ప్రభుత్వ సారథి సైట్లో 300 రూపాయలు కట్టి స్లాట్ తీసుకోవాలి. ఎనిమిదో రోజుకే స్లాట్ దొరికింది కదా అని తీసేసుకోకు. 3 సార్లు ఫెయిలైతే 60 రోజులు ఆగమంటారు, ఎల్ఎల్ఆర్, అదే నేర్చుకునేవాళ్ల లైసెన్సు ఏమో 6 నెలలే పనిచేస్తుంది, నీకు ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది. మూడు వారాల తర్వాతి తేదీ చూసుకో, అది చాలు.

ఇప్పుడు అసలు విషయం, రెండు బండ్ల మధ్య సందులోకి వెనక్కి వెళ్లి పెట్టే ఆ పార్కింగ్. నీకు స్టీరింగ్ రాక కాదు పోయింది. డ్రైవింగ్ స్కూల్లో నీకేం నేర్పారో నువ్వు చెప్పినదాన్ని బట్టే అర్థమైంది: "వెనక కిటికీలో రెండో కర్ర కనిపించగానే ఒకటిన్నర చుట్టు తిప్పు, తర్వాత ఇంకో గుర్తు రాగానే ఇటు తిప్పు." నాకూ ఇలాగే నేర్పారమ్మా. ఆ గుర్తులు ఆ బండిలో, ఆ సీటు అంత ఎత్తులో, అంత ముందుకి ఉన్నప్పుడే పనికొస్తాయి. టెస్టు రోజు నీకంటే ముందు ఇంకెవరో పొడుగు మనిషి కూర్చుని సీటు వెనక్కి జరిపి ఉంటాడు, నువ్వు కంగారులో అలాగే ఎక్కేసి ఉంటావు. అప్పుడు కర్ర నీకు అడుగు ముందో అడుగు వెనకో కనిపిస్తుంది. గుర్తు తప్పగానే చేయి ఆగింది, బండి మాత్రం ఆగలేదు. అక్కడే తగిలింది.

నేను కారు పట్టుకున్నది 41వ ఏట. మీ మామయ్యకి డయాలసిస్ మొదలైంది, వారానికి మూడు రోజులు, పొద్దున ఆరింటికల్లా అక్కడుండాలి. ఆ వేళకి ఆటో దొరికేది కాదు, దొరికినా తిరిగొచ్చేటప్పుడు ఆయన ఆటో కుదుపులకి తట్టుకోలేకపోయేవారు. ఆసుపత్రి పక్క వీధిలో వరసగా బండ్లుంటాయి, మధ్యలో ఒక్క సందు, అందులో పెట్టి ఆయన్ని ఫుట్‌పాత్ వైపు దించాలి. మొదటి టెస్టు నాకూ పోయింది, పోయిందీ ఇక్కడే. ఇంటికొచ్చి రెండు రోజులు తాళం ముట్టుకోలేదు. తర్వాత మా పక్కింటి పెద్దాయన ఒకరు, లారీ నడిపి రిటైరైన మనిషి, ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లి స్టీరింగ్ తిప్పనివ్వకుండా మూడు రోజులు క్లచ్ ఒక్కటే చేయించాడు. నాలుగో రోజు పార్కింగ్ దానంతటదే వచ్చినట్టు వచ్చింది. నీకూ అదే చెబుతున్నాను, ఇది చేతుల పని కంటే కాలి పని.

ఎలా చేయాలంటే, చదునైన చోట రివర్స్ గేరు వేసి, యాక్సిలరేటర్ జోలికి పోకుండా, క్లచ్ మెల్లగా వదులు. ఒక చోట బానెట్ సన్నగా వణుకుతుంది, ఇంజిన్ గొంతు కొంచెం బరువెక్కుతుంది. ఆ హాఫ్ క్లచ్ దగ్గర మడమ నేలకి ఆనించి కాలు నిలిపెయ్. బండి చీమ నడక నడుస్తుంది. ఆపాలంటే క్లచ్ తొక్కి బ్రేక్ మీద కాలు, మళ్లీ అక్కడి నుంచే మొదలు. ఒక బండి పొడవు వెనక్కి పోవడానికి అర నిమిషం పైన పట్టాలి, అంత నెమ్మది. మధ్యలో మాడు వాసన వస్తే ఆపేసి పది నిమిషాలు వదిలెయ్, పాపం క్లచ్ ప్లేటు కూడా అరుగుతుంది కదా. ఇది నిద్రలో కూడా వచ్చేదాకా కర్రల దగ్గరికి పోవద్దు.

తర్వాత బండి ఎలా తిరుగుతుందో బుర్రకెక్కాలి. మన ఊళ్లో తాతయ్య ఎద్దుబండిని కొట్టంలో పెట్టేటప్పుడు చూశావో లేదో, నొగలు పట్టుకుని వెనక్కి తోస్తూ నొగలు కుడికి జరిపితే బండి తోక ఎడమకి పోయేది. కారు రివర్స్‌లో అచ్చం అంతే. స్టీరింగ్ ఎడమకి తిప్పి వెనక్కి పోతే తోక ఎడమకి దూరుతుంది, ముక్కు కుడికి, రోడ్డు వైపుకి ఊగుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు కుడివైపు చూడు, టూవీలర్ వాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారో తెలీదు. చివర్లో ముక్కుని లోపలికి తేవడానికి స్టీరింగ్ కుడికి తిప్పుతాం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఏ గుర్తూ అక్కర్లేదు, ఏ బండైనా పెట్టగలవు.

మన వ్యాగన్ఆర్ పొడవు 3655 మిల్లీమీటర్లు, అంటే 12 అడుగులు. ఖాళీ 20 లీటర్ల నీళ్ల కేన్లు నాలుగు తీసుకో, మూతిలో చీపురుకట్ట ఒక్కోటి నిలబెట్టు, లేకపోతే కూర్చున్నాక కేన్లు కనబడవు. ముందు రెండు, వెనక రెండు, మధ్యలో మొదట 24 అడుగుల దూరం ఉండేలా పెట్టు. నాలుగైదుసార్లు కుదిరాక 18కి తగ్గించు, అంటే బండికి ఒకటిన్నర పొడవు. నేల మీద సున్నంతో ఎడమవైపు గీత గియ్యి, ఫుట్‌పాత్ అనుకో.

ముందున్న చీపురుకి సరిసమంగా, రెండున్నర అడుగుల ఎడంలో బండి నిలుపు, నీ వెనక బంపర్ దాని వరసలోకి రావాలి. ఎడమకి పూర్తిగా తిప్పి వెనక్కి. కుడి అద్దంలో వెనకవైపు, గీత పక్కనున్న చీపురు కనిపించగానే ఆపు. నిజంగా ఆపు, బ్రేక్ వేసి. స్టీరింగ్ నిటారు చేసి, నీ ముందు ఎడమ మూల ముందున్న చీపురు దాటేదాకా వెనక్కి రా. మళ్లీ ఆపు. కుడికి పూర్తిగా తిప్పి మెల్లగా లోపలికి. ఎడమ అద్దం కొంచెం కిందికి వంచుకుంటే వెనక చక్రం, గీత రెండూ కనబడతాయి, చక్రం గీతకి జానెడు దూరంలో ఉందంటే నువ్వు సరిగ్గా వచ్చినట్టే. తిప్పేటప్పుడు చేతులు త్వరగా, బండి మాత్రం చీమలాగే. నువ్వు దీన్ని తిరగేసి చేస్తున్నావు, బండిని పరిగెత్తిస్తూ చేతులు ఆలోచిస్తున్నాయి.

పక్కన లైసెన్సు ఉన్నవాళ్లు తప్పనిసరిగా ఉండాలి, ముందూ వెనకా తెల్లబోర్డు మీద ఎర్రటి ఎల్ ఉండాలి. కానీ మీ నాన్నని మాత్రం కూర్చోబెట్టుకోకు. మా తమ్ముడు మంచివాడే, నీ మీద ప్రాణం, కానీ బండిలో కూర్చుంటే గొంతు లేస్తుంది, నీ కాలు వణుకుతుంది. నేనొస్తాను.

టెస్టు కూడా మన బండిలోనే ఇవ్వు, స్కూల్ బండి వద్దు. పొద్దున్నే సీటు, మూడు అద్దాలు నీకు కావలసినట్టు పెట్టుకుని, ఎవరినీ ఎక్కనివ్వకుండా తాళం నీ దగ్గరే ఉంచుకో. బెంగళూరు జ్ఞానభారతి టెస్టు ట్రాక్ మీద సెన్సర్లూ కెమెరాలూ చూస్తాయి, పక్కన ఎవరూ కసిరే పని లేదు, ఒకందుకు అదే నయం. బండి వంకరగా పోతోందని అనిపిస్తే అక్కడే నిలుపు, ఊపిరి తీసుకో, ఎటు తిప్పితే తోక ఎటు పోతుందో ఒకసారి అనుకుని కదులు. టెన్షన్‌లో బండి నిలిచిపోతుందేమోనని మనుషులు భయపడతారు గానీ, అక్కడ చాలాసార్లు టెస్టు పోయేది బండి నిలపకపోవడం వల్లే. అలాగే ముందు రోజు రాత్రి యూట్యూబ్ వీడియోలు చూడొద్దు, ఒక్కొక్కరు ఒక్కో గుర్తు చెబుతారు, ఉన్నదీ పోతుంది.

ఆదివారం పొద్దున ఆరింటికి నాగరభావి నుంచి బయల్దేరతాను, ఖాళీ సైట్ల మధ్య రోడ్డొకటి చూసి పెట్టాను, ఎనిమిది దాటితే అక్కడ పిల్లలు క్రికెట్‌కి వచ్చేస్తారు. కేన్లు రెండు మా ఇంట్లో ఉన్నాయి, మిగతా రెండు నువ్వు తీసుకురా. చెప్పులు కాకుండా పలుచటి అడుగు ఉన్న బూట్లు వేసుకో, క్లచ్ వణుకు కాలికి తెలియాలి.

మీ అత్త