టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్‌తో స్పెర్మ్ కౌంట్ పెరుగుతుందా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఎప్పుడూ నీరసంగా ఉంటోంది. టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) తక్కువగా, 270 వచ్చింది. రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. ఇంజెక్షన్లు మొదలుపెడితే రెండు సమస్యలూ తీరతాయా?

జవాబు: కౌంట్ పెరగదండీ, పడిపోతుంది. బిడ్డ కావాలనుకున్నన్నాళ్లూ ఆ ఇంజెక్షన్ జోలికి పోకండి. టెస్టోస్టిరాన్ జెల్ అయినా అంతే.

వీర్యకణాలు తయారవ్వాలంటే వృషణాల లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. దాన్ని అక్కడికక్కడే తయారు చేయించేది పిట్యూటరీ (మెదడు కింద ఉండే గ్రంథి) నుంచి వచ్చే ఎల్‌హెచ్ అనే హార్మోన్. కణాల తయారీకి దానికి తోడు ఎఫ్‌ఎస్‌హెచ్ అనే మరో పిట్యూటరీ హార్మోన్ కూడా కావాలి. బయటినుంచి హార్మోన్ ఎక్కిస్తే మెదడు ఈ రెండింటినీ ఆపేస్తుంది. రక్తం రిపోర్టులో టెస్టోస్టిరాన్ 600 కనిపిస్తుంది, లోపల పని మాత్రం ఆగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవాళ్ల గర్భనిరోధకంగానే పరీక్షించింది. వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే ఆరు నెలల్లో సగానికి పైగా మందిలో కౌంట్ సున్నా అయింది. ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. అయినా నేటికీ "పిల్లల కోసం" అని ఈ ఇంజెక్షన్ రాసే చీటీలు కనబడుతూనే ఉన్నాయి!

వయసుతో ముఖ్యంగా తగ్గేవి వీర్యం పరిమాణం, కణాల కదలిక. కణాల్లో డీఎన్ఏ దెబ్బతినడం పెరుగుతుంది. ఈ ఇంజెక్షన్ వీటిలో దేన్నీ బాగుచేయదు.

ముందు 270 నిజమో కాదో తేల్చుకోండి. పరగడుపున, పొద్దున 10 లోపు, రెండు వేర్వేరు రోజుల్లో రక్తం ఇవ్వాలి. సాయంత్రం ఇస్తే అంకె తక్కువే వస్తుంది. అదే రక్తంలో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ (ఇదీ పిట్యూటరీ హార్మోనే) కూడా చూడమనండి. టెస్టోస్టిరాన్ తక్కువుండి ఎల్‌హెచ్ పెరగకపోతే లోపం పైనుంచి, అంటే మెదడు, పిట్యూటరీల నుంచి వచ్చే ఆదేశంలో ఉన్నట్టు. అప్పుడు పిట్యూటరీ ఆదేశాన్ని పెంచే క్లోమిఫిన్ మాత్ర 25 మిల్లీగ్రాములు రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ ఇస్తారు, లేదా ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్లు. ఇవి వృషణాల చేతే పని చేయిస్తాయి. క్లోమిఫిన్‌తో చూపు మసకబారితే ఆపేసి వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇప్పటికే ఎక్కువగా ఉంటే వృషణాలే అలిసిపోయాయని అర్థం, క్లోమిఫిన్‌తో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. పొట్ట, షుగర్, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం కూడా టెస్టోస్టిరాన్‌ను కిందికి లాగుతాయి. బరువు తగ్గితే మందు లేకుండానే కొంత పెరుగుతుంది.

వీర్య పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండాలి. నమూనా తీసేటప్పుడు సబ్బు, నూనె, ఉమ్మి వాడకూడదు. మొదటి చుక్కలు డబ్బాలో పడకపోతే కౌంట్ తప్పుగా వస్తుంది, ఎక్కువ కణాలు ఉండేది వాటిలోనే. ఇంటి దగ్గర తీస్తే ఒంటికి ఆనించి గంటలోపు ల్యాబుకు చేర్చాలి. మిల్లీలీటరుకు 1.6 కోట్లు, కదిలేవి 42 శాతం అన్నవి కింది హద్దులు. కణం తయారీకి సుమారు 74 రోజులు, బయటికి రావడానికి మరికొన్ని రోజులు పడుతుంది. అందుకే మూడు నెలల లోపు గట్టి జ్వరం వచ్చి ఉంటే పరీక్ష మళ్లీ చేయించాలి. మందు పనిచేసిందో లేదో చూడటానికీ అంతే సమయం ఆగాలి.

ఇంజెక్షన్లు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే (జిమ్‌లో ఇచ్చేవీ ఈ కోవకే వస్తాయి) ఆండ్రాలజిస్టును (మగవాళ్ల హార్మోన్, సంతాన సమస్యల డాక్టరును) కలిసి ఆపండి. చాలామందికి 6 నుంచి 12 నెలల్లో కౌంట్ తిరిగొస్తుంది, కొందరికి రెండేళ్లు. వయసు, వాడిన కాలం పెరిగేకొద్దీ ఆలస్యమవుతుంది. ఆపిన మొదటి వారాల్లో నీరసం, దిగులు ఎక్కువవుతాయి. అప్పుడే చాలామంది మళ్లీ సూది వేయించుకుంటారు, లెక్క మొదటికొస్తుంది.

మీ భార్యకు 35 దాటితే ఆమె ఏఎంహెచ్ పరీక్ష (అండాల నిల్వను అంచనా వేసే రక్త పరీక్ష) కూడా ఈ వారమే చేయించండి. మీ కౌంట్ కోసం ఏడాది ఆగే వ్యవధి ఉందో, ఉన్న కణాలతోనే ఐవీఎఫ్‌కు వెళ్లాలో డాక్టరు తేల్చడానికి అదీ కావాలి.