అమ్మాయి లక్షన్నర కీబోర్డ్ అడుగుతోంది, కొంటే సీఏ ఏమవుతుంది? పెరంబూర్ నాన్నగారికి జవాబు

నమస్తే అండి. మీ ప్రశ్న పూర్తిగా చదివాను. అమ్మాయి బీకాం సెకండ్ ఇయర్, చిన్నప్పటి నుంచి ఇంట్లో ఉన్న పాత 61 కీల కీబోర్డ్ మీదే వాయించి లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ సంగీత పరీక్షల్లో గ్రేడ్ 5 పాసయ్యింది, ఇప్పుడు కాలేజీ ఫ్రెండ్స్‌తో లైట్ మ్యూజిక్ ట్రూప్‌లో చేరి రిసెప్షన్లకి వాయిస్తోంది, లక్షన్నర పెట్టి వర్క్‌స్టేషన్ కొనిపెట్టమంటోంది, మీకేమో అది ఇంట్లోకి వస్తే సీఏ పుస్తకాలు మూలన పడతాయని భయం. ఏ కీబోర్డ్ కొనాలి, అసలు కొనాలా వద్దా అని అడిగారు.

ముందు భయం సంగతి. కీబోర్డ్ కొన్నంత మాత్రాన చదువు పోదండి, కొననంత మాత్రాన ఆ ఇష్టమూ పోదు. బీకాంలో 55 శాతం తెచ్చుకుంటే మొదటి మెట్టు ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్‌లో చేరొచ్చు, ఆర్టికల్‌షిప్, అంటే సీఏల దగ్గర చేసే ట్రైనింగ్ కూడా కొత్త స్కీమ్‌లో 2 ఏళ్ళే. ట్రూప్ ప్రోగ్రాములు ఎక్కువగా సాయంత్రాలు, అదీ ముహూర్తాలున్న రోజుల్లోనే, చెన్నైలో ఆడి నెల (జులై-ఆగస్టు), మార్గళి నెల (డిసెంబర్-జనవరి) వస్తే పెళ్ళిళ్ళే ఉండవు కాబట్టి రిసెప్షన్లకి వాయించేవాళ్ళు చాలావరకు ఖాళీగానే ఉంటారు. మీకిది ఊరట, అమ్మాయికి మాత్రం సరిగ్గా ఇదే విషయం కూర్చోబెట్టి చెప్పాలి, స్టేజీ డబ్బు నెలనెలా జీతంలా రాదు, డిగ్రీ చేతిలో ఉండాల్సిందే అని. పరీక్షల ముందు రెండు నెలలు ప్రోగ్రాములు ఒప్పుకోకూడదని ఇప్పుడే మాట తీసుకోండి, కొన్న తర్వాత తీసుకుంటే అది బెదిరింపులా వినిపిస్తుంది.

ఇక కీబోర్డ్. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను, లక్షన్నర వర్క్‌స్టేషన్ ఇప్పుడు వద్దు. కీబోర్డ్‌లోనే ఒకదాని మీద ఒకటి వాయిద్యాలు రికార్డ్ చేసే మల్టీట్రాక్ రికార్డింగ్, వాయించింది గుర్తుపెట్టుకుని మళ్ళీ వాయించే సీక్వెన్సర్, బయటి శబ్దాన్ని రికార్డ్ చేసి కీల మీద వాయించే శాంప్లింగ్ అన్నీ పెట్టి అమ్మేది వర్క్‌స్టేషన్, ఆ పనుల్లో చాలావరకు ఇవాళ మామూలు లాప్‌టాప్‌లో అయిపోతాయి. అమ్మాయికి ఇప్పుడు రెండు అవసరాలున్నాయి, ఇంట్లో చెయ్యి తిరగడం, స్టేజీ మీద టైంకి సరైన సౌండ్ రావడం. ఈ రెండింటికీ కావాల్సిన కీలు వేరు, బరువు వేరు, అందుకే ఒక్క ఖరీదైన పెట్టెతో రెండూ చేయిద్దామనుకుంటే రెండు చోట్లా ఇబ్బందే.

ఇంట్లో వాయించేదానికి 88 కీల వెయిటెడ్, అంటే అసలు పియానోలా కీలు బరువుగా దిగే డిజిటల్ పియానో ఉండాలండి, హ్యామర్ యాక్షన్ అని అడగండి. పాత కీబోర్డ్‌లో కీలు తేలిగ్గా దిగిపోతాయి, వేలికి బలం రాదు, మెత్తగా వాయించాలంటే చెయ్యి మాట వినదు. కీ ఎంత వేగంగా దిగిందో దాన్ని కీబోర్డ్ మిడి భాషలో (వాయిద్యాలు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష అది) 1 నుంచి 127 వరకు అంకెగా తీసుకుంటుంది, తేలిక కీల మీద పెరిగిన చెయ్యి ఆ మధ్యలో రెండు మూడు చోట్లే తిరుగుతూ ఉంటుంది, వినేవాళ్ళకి పాటంతా ఒకే మట్టంలో వినిపిస్తుంది. యమహా పి45, రోలాండ్ ఎఫ్‌పి10 ఈ రకంవే, రెండూ సుమారు 12 కిలోలుంటాయి, మంచి స్టాండ్ మీద పెట్టి ఇంట్లోనే ఉంచేయాలి. ఇంకోటి, మీరు ఫ్లాట్‌లో ఉంటున్నారు కదా, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా రాత్రిపూట కీలు దిగే దబదబ చప్పుడు కింద ఇంటివాళ్ళకి వినిపిస్తుంది, స్టాండ్ కింద మందపాటి రబ్బర్ మ్యాట్ వేయించండి, గొడవలుండవు.

స్టేజీకి మాత్రం ఈ బరువు కీలు మంచివి కావు. మోయడం ఒక్కటే సమస్య కాదు, మన సినిమా పాటల్లో వేణువు, షెహనాయి, వీణ సౌండ్లతో వచ్చే లీడ్‌లు ఉంటాయే, అవి కుడిచేత్తో వేగంగా వాయిస్తూ ఎడమచేత్తో స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ కదుపుతూ ఉంటేనే గమకం వస్తుంది, తేలిక సింథ్ కీల మీద అది హాయిగా పోతుంది, హ్యామర్ కీల మీద చెయ్యి బరువెక్కిపోతుంది. పిచ్ బెండ్ కూడా చేతికి సరిపడాలి, యమహాలో పక్కపక్కన రెండు చక్రాలు ఉంటాయి, రోలాండ్, కోర్గ్‌లలో ఎక్కువగా ఒకే పుల్లని పక్కలకీ ముందుకీ తోసేలా ఉంటుంది. ఏది సులువో అమ్మాయి చెయ్యే చెప్పాలి, మీరూ నేనూ చెప్పలేం. కీబోర్డ్ మీద కర్ణాటక కచేరీలు చేసే సత్యనారాయణన్ గారి వాయిద్యం ఒకసారి విననివ్వండి, ఆ వాయిద్యంలో ఎంత గమకం పలుకుతుందో తెలుస్తుంది.

షాపులో మీకు ముందు చూపించేది అరేంజర్. ఎడమచేత్తో కార్డ్ పట్టుకుంటే డ్రమ్స్, బేస్ అన్నీ అదే వాయించేస్తుంది, ఇండియన్ మోడల్స్‌లో తబలా, తంబూరా కూడా ఉంటాయి, యమహా పిఎస్ఆర్ ఐ500, కాసియో సిటి ఎక్స్9000 ఐఎన్ లాంటివి. ఒక్క గాయకుడు, ఒక్క కీబోర్డ్ ఉండే చిన్న ఫంక్షన్లకి, ట్రినిటీ ఎలక్ట్రానిక్ కీబోర్డ్ పరీక్షకి అవి బాగా పనికొస్తాయి. కానీ అమ్మాయి ట్రూప్‌లో డ్రమ్మర్ ఉన్నాడని, బేస్ గిటార్ ఉందని మీరే రాశారు, అక్కడ ఆటో రిథమ్ ఆన్ చేస్తే ఇద్దరి తాళం కొట్టుకుంటుంది. కాబట్టి స్టేజీకి సింథసైజరే, అంటే తాళం తనంతట తాను వాయించకుండా, రకరకాల సౌండ్లు మలచుకుని వాయించే కీబోర్డ్. రోలాండ్ ఎక్స్‌పీఎస్ 10 మన దగ్గర ట్రూప్‌లలో చాలామంది వాడతారు, ఇండియన్ సౌండ్లు ఉన్నాయి, సొంత శాంపిల్స్ (రికార్డ్ చేసిన శబ్దాలు) ఎక్కించుకోవచ్చు, బరువు 4 కిలోలే. జూనో డీఎస్ 61, కోర్గ్ క్రాస్ 2 కూడా చూడొచ్చు, క్రాస్ 2 నాలుగు కిలోల లోపే, ఈ రెండూ పెన్సిల్ సెల్స్ మీద కూడా నడుస్తాయి, మండపంలో జనరేటర్ మార్చేటప్పుడు కరెంట్ పోతే అదెంత పెద్ద వరమో వాయించేవాళ్ళకే తెలుసు. కొత్త మోడలే కావాలని పట్టుబట్టక్కర్లేదు, బాగా చూసుకున్న సెకండ్ హ్యాండ్ అయినా చాలు, కాకపోతే ప్రతి కీ, ప్రతి నాబ్, రెండు అవుట్‌పుట్లూ చెక్ చేయకుండా డబ్బు ఇవ్వొద్దు.

షాపులో అమ్మాయిని ఈ ఒక్క పరీక్ష చేయమనండి. స్ట్రింగ్స్ సౌండ్‌లో కార్డ్ పట్టుకుని వదలకుండానే ఇంకో సౌండ్ బటన్ నొక్కాలి. పట్టుకున్న కార్డ్ టక్కున తెగిపోయిందంటే స్టేజీ మీద పల్లవి నుంచి చరణానికి వెళ్ళేటప్పుడు ప్రతిసారీ అలాగే తెగుతుంది. తర్వాత కీబోర్డ్‌ని రెండు భాగాలు చేసి ఎడమవైపు ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే మెత్తటి సౌండ్), కుడివైపు ఫ్లూట్ పెట్టి చూడమనండి, ఆ సెట్టింగ్‌ని సేవ్ చేసి ఒక్క బటన్‌తో మళ్ళీ తెచ్చుకోవడం ఎంత సులువో చూడమనండి. సౌండ్లు వెయ్యి ఉన్నాయా రెండువేలు ఉన్నాయా అని అమ్మేవాళ్ళు చెప్తారు, అది వదిలేయండి, పాటకి పాటకి మధ్య ఉండే పది సెకన్లలో కావాల్సింది దొరుకుతుందా లేదా అన్నదే లెక్క.

మిగిలిన డబ్బుతో కాలితో నొక్కితే సౌండ్ సాగేలా చేసే మంచి సస్టెయిన్ పెడల్, గట్టి బ్యాగ్, రెండు స్టేజీ కేబుళ్ళు కొనండి. ఆ కేబుల్ చివర ఉండే లావుపాటి పిన్నుని మన స్టేజీ వాళ్ళు పి38 జాక్ అంటారు, అదే పేరుతో అడగండి. కీబోర్డ్ ఆన్ చేసేటప్పుడు పెడల్ మీద కాలు ఉండకూడదు, చాలా కీబోర్డ్‌లు ఆ క్షణంలోనే పెడల్ ఏ రకమో గుర్తుపడతాయి, తప్పుగా గుర్తుపడితే కాలు తీసినప్పుడు సౌండ్ సాగి, నొక్కినప్పుడు ఆగిపోతుంది. మిక్సర్‌కి ఒక్క వైరే ఇస్తే ఎడమవైపు ఎల్ మోనో అని ఉన్న దాంట్లోనే పెట్టాలి. సేవ్ చేసుకున్న సెట్టింగులన్నీ పెన్ డ్రైవ్‌లో గానీ మెమరీ కార్డులో గానీ ఒక కాపీ ఉండాలి.

కీబోర్డ్ మొత్తం శ్రుతిని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ గురించి కూడా అమ్మాయికి చెప్పండి. స్టేజీ మీద ఒక గాయని ఐదున్నర శ్రుతి అంటుంది, తర్వాత వచ్చిన గాయకుడు ఒకటిన్నర అంటాడు, అప్పటికప్పుడు వాయించాలి. బటన్ నొక్కి సర్దుకోవచ్చు, కానీ వెనక్కి తీయడం మర్చిపోతే తర్వాతి పాట మొత్తం అపశ్రుతే. వేళ్ళతోనే పన్నెండు శ్రుతుల్లో వాయించడం నేర్చుకుంటే ఆ అమ్మాయిని అందరూ పిలుస్తారు. నేను చూసినంతలో పిలుపులొచ్చేది ఖరీదైన కీబోర్డ్ ఉన్నవాళ్ళకి కాదండి, చెప్పిన టైంకి వచ్చి, ఏ శ్రుతిలో అడిగినా బెదరకుండా వాయించేవాళ్ళకి.

కెరీర్ అంటారా, చెన్నైలో కీబోర్డ్ వాయించేవాళ్ళకి అన్నిటికన్నా గట్టి దారి ప్రోగ్రామింగ్, అంటే పాటకి కావాల్సిన సౌండ్లు తయారుచేసి ట్రాక్‌లు కట్టే పని. రెహమాన్ గారు ఇళయరాజా గారి దగ్గర, మన రాజ్-కోటి గారి దగ్గర కీబోర్డ్ వాయించాకే సంగీత దర్శకులయ్యారు, హారిస్ జయరాజ్ కూడా కీబోర్డ్ ప్రోగ్రామర్‌గా పనిచేసి వచ్చినవారే. అందరూ అంత దూరం వెళ్తారని చెప్పడం లేదు. కానీ సౌండ్ తయారుచేయడం, ట్రాక్ కట్టడం వచ్చినవాళ్ళకి సినిమాకే కాదు, యాడ్‌లకి, సీరియళ్ళకి, భక్తి ఆల్బమ్‌లకి పని ఉంటుంది, హైదరాబాద్ వాళ్ళకి కూడా ఇంట్లో కూర్చునే ఫైల్ పంపించొచ్చు. దీనికి ఇప్పుడే పెద్ద ఖర్చేం లేదు, ఆ సింథ్‌నే యూఎస్‌బీతో లాప్‌టాప్‌కి తగిలిస్తే మిడి కీబోర్డ్‌గా పనిచేస్తుంది, డెక్స్‌డ్, సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లు ఉచితంగా దొరుకుతాయి. డెక్స్‌డ్ అయితే 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 అనే సింథసైజర్ పద్ధతిని అచ్చంగా చూపిస్తుంది, దాంతో కుస్తీ పడితే సౌండ్ ఎలా పుడుతుందో లోపల నుంచి తెలుస్తుంది. ఒక ఏడాది పాటు నెలకి ఒక్క సౌండ్ అయినా సొంతంగా తయారుచేసి మీకు వినిపించమనండి, చేసిందంటే ఆసక్తి నిజమే, అప్పుడు చెన్నైలో రెహమాన్ గారు పెట్టిన సంగీత కళాశాల కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ లాంటి చోట కోర్సుల గురించి, వర్క్‌స్టేషన్ గురించి మళ్ళీ మాట్లాడుకోవచ్చు. ఈలోపు గ్రేడ్ 5 దగ్గర ఆపేయకుండా 8 వరకు పూర్తి చేయించండి, మ్యూజిక్ టీచర్‌గా చేరాలన్నా, ఇంట్లో పిల్లలకి నేర్పాలన్నా ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది.

కొనేటప్పుడు రెండూ ఒకేసారి వద్దు. స్టేజీ సింథ్ ముందు తీసుకోండి, ప్రోగ్రాములు ఇప్పుడే ఉన్నాయి కాబట్టి. డిజిటల్ పియానోకి అయ్యేదాంట్లో కొంత అమ్మాయి ప్రోగ్రాముల డబ్బు నుంచి వేయమనండి, ఈ మాట మీరంటే తను కాదనదనుకుంటున్నాను. అణ్ణాసాలైలో మ్యూసీ మ్యూజికల్‌కి గానీ, వేరే ఏ షాపుకైనా గానీ వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళండి, ఆదివారం సాయంత్రం వెళ్తే నిదానంగా వాయించి చూడనివ్వరు, సొంత హెడ్‌ఫోన్స్ పట్టుకెళ్ళండి, కనీసం అరగంట అమ్మాయిని వాయించనిచ్చి మీరు పక్కన కూర్చోండి. బిల్లు, వారంటీ కార్డు మాత్రం అమ్మాయి పేరు మీదే తీయించండి.